శనివారం ఆర్డర్లు

ఎలీసబెతు నడిపే ఫోను గ్రూపులో బుధవారం కూరల పేర్లు కనబడేవి. గురువారం దీపాలు పెట్టే వేళకు ఆర్డర్లు ఆగిపోయేవి. ఆ తరువాత ఎంత బతిమాలినా ఒక్క కొత్తిమీర కట్ట కూడా చేరేది కాదు. చర్చి పెద్దగారి కోడలు అడిగినా అంతే, సొంత చెల్లెలు అడిగినా అంతే. శుక్రవారం కోసి, కట్టలు కట్టి, తడిగుడ్డ కప్పి, శనివారం పొద్దున్నే అద్దె బొలెరోలో ఫెరార్గంజ్ నుంచి బయలుదేరేది. డాలీగంజ్‌లో కొన్ని ఇళ్లు, లంబాలైన్‌లో కొన్ని ఇళ్లు. గేటు దగ్గర పెట్టె దించి, ఆర్డరు ఒకసారి పైకి చదివి, అన్నీ ఉన్నాయా అని అడిగి, ఉన్నాయన్నాకే కదిలేది.

"సర్కారు ఆఫీసులో కూడా ఇంత రూలు లేదక్కా" అని డాలీగంజ్‌లో రీనా నవ్వేది.

"సర్కారు ఆఫీసులో పాలకూర వాడిపోదు కదమ్మా" అనేది ఎలీసబెతు.

ఈ దీవుల్లో బజారు కూరగాయలకి ఓడే దిక్కు. అటు మెయిన్‌లాండ్‌లో ఎక్కించినప్పుడు ఎలా ఉన్నాయో గాని, ఇక్కడ దిగేసరికి వంకాయలు ముడతలు పడి, కొత్తిమీర నల్లబడి ఉండేది. తుఫాను సూచన పడి ఓడ ఆగితే అదీ లేదు. అలాంటి చోట నిన్న కోసిన గోంగూర గుమ్మంలోకి వస్తే కాదనే ఇల్లాలు ఎవరు? మొదట చర్చివాళ్లు చేరారు, వాళ్ల వెనక పొరుగువాళ్లు చేరారు. అయితే జనం ఎలీసబెతును నమ్మింది తాజాదనం ఒక్కదానికే కాదు. కిందటేడు కోతపండుగ ఆరాధనలో ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మా మడుల్లో మందు పడలేదు, పడదు, దేవుడు ఇచ్చింది ఇచ్చినట్టే మీ ఇళ్లకు తెస్తున్నాను అంది. మైకు లేకుండా, తడబడకుండా అంది. ముందు వరసలో కూర్చున్న టైటస్ తాత అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

టైటస్ తాత రీనాకి మామగారు. ఓడల రిపేరు షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు ఓడ మీద ఉద్యోగానికి పోయి నెలల తరబడి రాడు. ఇంట్లో కోడలూ మామా ఇద్దరే. శనివారం పెట్టె రాగానే తనే మూత తీసి, ఒక్కో కట్టా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. "అమ్మాయీ, నీ గోంగూర తిన్న నోటికి ఇంకో గోంగూర ఎక్కట్లేదు. నన్ను పాడుచేసేశావు" అనేవాడు. ఎలీసబెతుకి తండ్రి లేడు. ఆ మాట వినడానికే రీనా ఇంటికి చివర వెళ్లేది, కాసేపు కూర్చోవచ్చని.

మడికి అవతల, మురుగుకాలవ దాటితే తవిటమ్మ పాక. భర్త పోయాక బాతులే ఆమె బతుకు. ఆమె దగ్గర ఉన్నది బటన్ ఫోను. అందుకని ఆమె గుడ్లు కూడా ఎలీసబెతే గ్రూపులో పెట్టేది. ఒకసారి ఒప్పుకున్నన్ని గుడ్లు రాలేదు. ఎలీసబెతు గ్రూపులో క్షమాపణ రాయవలసి వచ్చింది. ఆమె కోప్పడలేదు. కాలవ దగ్గర నిలబడి మెల్లగానే చెప్పింది. "తవిటమ్మా, లేవని ముందే చెబితే నేను రాయను. ఒప్పుకున్నాక లేదనకూడదు. నా మాట పోతుంది." తవిటమ్మ తల ఊపింది. ఎలీసబెతు భర్త జీవరాజు పక్కన బోదె తీస్తూ విన్నాడు. ఎలీసబెతు మెల్లగా చెప్పిన మాటే ఎక్కువ రోజులు గుచ్చుతుందని అతనికి తెలుసు. ఆగస్టులో తోటకూర సగం నత్తల పాలైనప్పుడు ఆమె మొగుణ్ణి ఏమీ అనలేదు. వాయిదా పడిన ఆర్డర్లన్నీ అతని ముందు కూర్చుని పేరు పేరునా చదివి, ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతే.

ఈ ఏడు వానలు వదలలేదు. పిడికిలంత ఆఫ్రికా నత్తలు చీకటి పడగానే కాలవల్లోంచి లేచి మడుల మీద పడేవి. జీవరాజు టార్చి పట్టుకుని ఏరి ఉప్పు బకెట్టులో వేసేవాడు. ఏరిన కొద్దీ వచ్చేవి. కోతపండుగ వారం వచ్చింది. ఆర్డర్లు రెట్టింపయ్యాయి. తోటకూర, బచ్చలి, బెండ, ఆనపకాయలు. నాలుగిళ్ల వాళ్లు పండుగ వంటకి బాతులు కూడా కావాలన్నారు. తవిటమ్మ సరేనంది. ఎలీసబెతు రాసేసింది.

ఆ శనివారం తెల్లవారుజామున తవిటమ్మ నాలుగు బాతులూ కోసి, కాల్చి, శుభ్రం చేసి, అరిటాకుల్లో కట్టి తెచ్చింది. కార్జం, కందనకాయ విడిగా చిన్న ఆకులో ఉన్నాయి. అది ఎలీసబెతు పెట్టిన పద్ధతే. ఇళ్లలో అవి పెద్దవాళ్లకి వేయించి పెడతారని ఆమెకు తెలుసు.

"తెల్లారాక కోద్దామన్నాను కదా?"

"ఓపాలి మొదలెట్టీసినానమ్మా. అయిపోనాది" అంది తవిటమ్మ. అటు తిరిగే మాట్లాడింది.

ఎలీసబెతు ఐసు పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయింది. అన్ని ఇళ్లలో దించింది. రీనా ఇంట్లో లేదు, చర్చిలో చెరకుగడలు కడుతోందట. టైటస్ తాత పెట్టె అందుకుని, చిన్న ఆకు పొట్లం చేత్తో తూచినట్టు ఎత్తి చూసి, "ఇది నాది" అన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బొలెరో దిగి కాలవ వైపు చూస్తే తవిటమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు బాతులు వరసగా పడి ఉన్నాయి. కొన్ని మెడలు వెనక్కి వాలిపోయి ఉన్నాయి. ఒకటి ఇంకా కాలు తంతోంది.

"అన్నీ సచ్చిపోనాయమ్మా" అంది తవిటమ్మ.

"ఎప్పటినుంచి ఇలా?"

"గురువారం నాడొకటి తూలింది. కుక్క తరిమిందేమో అనుకున్నాను. నిన్న ఇంకో రెండు."

"మరి పొద్దున కోసినవి?"

తవిటమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంది.

"తవిటమ్మా, పొద్దున కోసినవి బాగున్నాయా, అవి కూడా తూలాయా?"

"పేణముండగానే కోసీసినానమ్మా. సచ్చినవి కొయ్యలేదు, దేవుడి తోడు." తల ఎత్తి, "ఒప్పుకున్నాక లేదనకూడదన్నావు గదా" అంది.

ఎలీసబెతు వంగి ఒక బాతు తల ఎత్తింది. ముక్కు చుట్టూ ఏదో అంటుకుని ఎండిపోయింది. గోటితో గీకి చూసింది. తవుడు. ఈ వారం తవుడు పెట్టలేదని తవిటమ్మ అంది, కొనడానికి లేక నత్తలూ నాచూ తినమని వదిలేసిందట. ఎలీసబెతు లేచి కాలవ దాటి తన మడిలోకి నడిచింది. తోటకూర గట్టు వెంట, ఆకుల కింద, కొబ్బరి చిప్పలు బోర్లించి ఉన్నాయి. ఒకటి తిప్పింది. బెల్లం వాసన కొట్టింది. చిప్ప కింద ముద్ద చేసిన తవుడు, దాని చుట్టూ నురగ కక్కుకుని చచ్చిన నత్తలు ఉన్నాయి.

జీవరాజు బెండ మొక్కల మధ్యనుంచి వచ్చాడు. ఆమె చేతిలో చిప్ప చూసి ఆగాడు.

"ఏంటిది?"

"తవుడు."

"తవుడులో?"

"నత్తలకి పెట్టాను. ఆకుల మీద చుక్క పడలేదు. కావాలంటే కడిగి చూసుకో."

"మందు పెట్టారా మీరు?"

అతను చేతిలోని గొడుగు నేల మీద పెట్టి కూర్చున్నాడు. "మరేం చెయ్యమంటావు? ఇన్ని కట్టలు, అన్ని కట్టలు అని నువ్వు గ్రూపులో రాసేస్తావు. నత్తలు చదువుతాయా నీ గ్రూపు? రోజూ వంగి ఏరి ఏరి నడుం పోయింది. పొద్దున్న చూస్తే ఈనెలు మిగులుతున్నాయి. అరే, వారం రోజుల మాట, పండుగ దాటితే తీసేద్దామనుకున్నాను."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే పెట్టనిస్తావా?"

ఆమె కాలవ అవతలికి చూపించింది. జీవరాజు అప్పుడు లేచి చూశాడు. బాతుల్ని చూశాడు, తవిటమ్మను చూశాడు.

"పొద్దున పంపినవి కూడా తిన్నవే. తూలుతుంటే కోసింది" అంది ఎలీసబెతు.

"బాగా ఉడికిస్తే పోతుందిలే."

"పోతుందని ఎవరు చెప్పారు మీకు?"

ఆమె ఫోను తీసింది. మడిలో సిగ్నల్ ఉండదు. రోడ్డు మలుపు దాకా నడవాలి. జీవరాజు వెనకే వచ్చాడు.

"వండొద్దని చెప్పు. పారెయ్యమని చెప్పు. మందు అని మాత్రం అనకు. ఆ మాట ఒక్కసారి బయటికెళ్తే మన దగ్గర గడ్డి కూడా కొనరు. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది నువ్వు. నన్ను కాదు అడిగేది, నిన్ను అడుగుతారు."

"నోరు మూసుకోండి కాసేపు" అంది ఎలీసబెతు. పెళ్లయ్యాక ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

రోడ్డు మలుపులో రేకు షెడ్డు కింద నిలబడింది. గ్రూపులో సగం మంది పిల్లకోడళ్లు తెలుగు మాట్లాడతారు గాని గబగబా చదవలేరు. అందుకని తొందర కబురు ఏదైనా గొంతుతోనే పంపుతుంది. వేలు నొక్కి మొదలుపెట్టింది. ఇవాళ పంపిన బాతు మాంసం ఎవరూ తినవద్దు, ఆ బాతులు నత్తల మందు తిన్నాయి, అంది. వేలు తీసి, పంపకుండా ఆపింది. ఒకసారి విని చూసుకుంది. తన గొంతే. కిందటేడు చర్చిలో వినబడిన గొంతే. ముందు వరసలో తలలన్నీ ఒక్కసారి తన వైపు తిరిగినట్టనిపించింది.

చెరిపేసింది. మళ్లీ నొక్కింది.

"అందరికీ వందనాలు. ఇవాళ ఇచ్చిన బాతు మాంసం సరిగా లేదు. దయచేసి ఎవరూ వండకండి, పారేయండి. తప్పు మాదే. క్షమించండి."

వండకండి అన్నాను, పారేయండి అన్నాను, ఇంక ఎందుకో ఏమిటో చెప్పకపోతే ఏం, అనుకుంది. పంపింది. ఏ మాట మింగిందో ఆమెకు తెలుసు. ఒక కట్టలో ఆకు తక్కువైతే పట్టుకునే మనిషికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? రేపు ఆరాధనయ్యాక ఒక్కొక్కరికీ విడిగా చెప్పవచ్చు అని కూడా అనుకుంది.

లంబాలైన్ నుంచి ఒకావిడ ఫోను చేసింది. "ఏంటక్కా, పిల్లికి పెట్టేసేదా?"

"పిల్లికీ వద్దమ్మా. గొయ్యి తీసి కప్పెట్టేయండి."

"అంత పాడైపోయిందా?"

"కప్పెట్టేయండి" అంది ఎలీసబెతు.

ఇంకొకావిడ సరేనని బొటనవేలి బొమ్మ పంపింది. లంబాలైన్‌లోనే బాతు తీసుకున్న పద్మిని విన్నట్టు కనబడింది, బదులు మాత్రం రాలేదు. రీనా ఇంకా వినలేదు. చర్చిలో ఉంది కదా, ఇంటికి వెళ్లి వింటుంది అనుకుని, ఎలీసబెతు మళ్లీ మడిలోకి దిగింది. చిప్పలన్నీ ఏరించింది. తవిటమ్మ, జీవరాజు గొయ్యి తీశారు. బాతుల్ని తనే చేతులతో దించింది. తవిటమ్మ ఏడవలేదు. మట్టి కప్పాక, "ఇక నానేటి సేత్తాను" అని ఎవరినీ కాకుండా అడిగింది. జీవరాజు పార కడగడానికని కాలవలోకి దిగిపోయాడు.

మళ్లీ రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ పడమటికి వాలింది. ఫోను జేబులో వరసగా అదిరింది. అందులో రీనా గొంతు ఒకటి ఉంది.

"అక్కా, ఇందాక చర్చి నుంచి వచ్చాను. మీ మెసేజ్ విన్నా. నేను వాసన చూశాను, ఏక్‌దమ్ ఫ్రెష్ ఉంది. మీరు ఊరికే టెన్షన్ తీసుకుంటారు. ఒక ఈక ఎక్కడో మిగిలుంటుంది, అంతే కదా? మామయ్య నేనొచ్చినప్పట్నించి నా కందనకాయేదీ, నా కందనకాయేదీ అని చంపుతున్నారు. అది వేయించేస్తున్నా. కూర రేపటికి పొయ్యి మీద పెట్టా. ఇంత మంచి మాంసం పారేస్తే పాపం తగులుతుందక్కా."

ఎలీసబెతు ఫోను చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి స్విచ్ ఆఫ్ అని హిందీలో చెప్పింది. చర్చిలో పొద్దంతా ఫొటోలు తీసి ఉంటుంది, చార్జింగ్ అయిపోయి ఉంటుంది. టైటస్ తాతకి ఫోను లేదు. "రీనా, అది మందు తిన్న బాతు. నత్తల మందు. మామయ్యకి పెట్టకు, నువ్వు ముట్టుకోకు" అని గొంతు పంపింది. ఒక్క టిక్కు పడి ఆగిపోయింది.

బస్సు వచ్చింది. చేతుల మట్టి కడుక్కోకుండానే ఎక్కింది. దారి పొడవునా ఆ ఒక్క టిక్కు వైపు చూస్తూ కూర్చుంది. నోట్లో ప్రార్థన మొదలై మొదలై ఆగిపోయింది. సరిగా లేదు. సరిగా లేదు అంటే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. తనైనా అదే చేస్తుంది. తవిటమ్మ తెల్లారగట్ల కోసి ఐసులో పెట్టిన మాంసం వాసన ఎందుకు వస్తుంది?

డాలీగంజ్‌లో దిగేసరికి సాయంత్రం ఐదు కావస్తోంది. దీవుల్లో అప్పటికే చీకటి పడుతుంది. రీనా ఇంటి గేటు తీసే ఉంది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. టైటస్ తాత వరండాలో బల్ల మీద ఒరిగి ఉన్నాడు. చొక్కా అంతా తడిసిపోయింది. నోటి పక్కనుంచి సొంగ ఆగకుండా కారుతోంది. పక్కింటాయన గ్యాసు అని సోడా పట్టుకుని నిలబడ్డాడు. రీనా ఆయన అరికాళ్లు రుద్దుతోంది.

"అక్కా, గుండె అనుకుంటా. ఆటో వస్తోంది" అంది రీనా.

"గుండె కాదు. ఏం తిన్నారు?"

"ఏం తినలేదు. కార్జం, కందనకాయే."

"నువ్వు?"

"నేనింకా తినలేదు."

ఎలీసబెతు చెప్పింది. అరికాళ్లు రుద్దుతున్న రీనా చేతులు ఆగిపోయాయి. ఆమె ఏదో అడగబోయేలోగా ఆటో వచ్చింది.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు, హిందీ మాత్రమే మాట్లాడతాడు. ఏం తినిపించారని అడిగాడు. ఎలీసబెతు ముందుకొచ్చి బాతులు జహర్ తిన్నాయని, ఇతను ఆ బాతుల కార్జం తిన్నాడని చెప్పింది. ఏం జహర్, ఏ విషం అని అడిగాడు. ఆమె జీవరాజుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"ఆ మందు పేరేంటి?"

"ఎందుకు?"

"ఆసుపత్రిలో ఉన్నాను. టైటస్ తాత తిన్నాడు. పేరేంటో చెప్పండి."

"పేరు లేదు. పొట్లం కట్టి ఇచ్చారు. నువ్వు చూస్తావని కాగితం పొయ్యిలో వేసేశాను." తరువాత గొంతు మారి, "ఎలీసా, ఎలా ఉందే ఆయనకి?" అన్నాడు.

ఆమె ఫోను కట్టేసింది. డాక్టరు అప్పటికే ముసలాయన కనురెప్ప ఎత్తి టార్చి వేస్తున్నాడు. నర్సుకి ఏదో ఇంజెక్షను పేరు చెప్పి, మంచం తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది.

చర్చివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. రీనా గోడకి ఆనుకుని నిలబడింది. ఎలీసబెతు దగ్గరికి వెళ్లి చేయి పట్టుకుంటే వదిలించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

"మీరు సరిగా లేదన్నారు" అంది రీనా.

"అన్నాను."

"నేను మూడుసార్లు వాసన చూశానక్కా. కడిగి కూడా చూశాను."

ఏమన్నా అది తనని తాను కాపాడుకునే మాటే అవుతుందనుకుంది ఎలీసబెతు. రీనా చున్నీ కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టింది.

"మీరు ఇక్కడ ఉండొద్దు. ఇంటికెళ్లండి. పొయ్యి మీద కూరుంది. పక్కింటివాళ్లు పనమ్మాయిని పంపి గిన్నెలు సర్దిస్తామన్నారు. ఎవరైనా తింటారు."

ఎలీసబెతు ఆటోలో మళ్లీ డాలీగంజ్ వచ్చింది. వంటింట్లో పొయ్యి ఆర్పేసి ఉంది, ఆటో ఎక్కే తొందరలో కూడా రీనా అది మరిచిపోలేదు. గిన్నె మీద మూత తీసింది. ధనియాలు, కొబ్బరి, మిరియాలు. ఇల్లంతా నోరూరించే వాసన. కూర పక్కన చిన్న మూకుడు ఉంది, అడుగున నూనె, రెండు ఉల్లి ముక్కలు. అది టైటస్ తాత ఊడ్చి తిన్న మూకుడు.

సింకులో పారబోయడానికి లేదు, బయటి కాలవలోకి పోతుంది. చెత్తలో వేస్తే కుక్కలు లాగుతాయి. పెరట్లోకి వెళ్లి గునపం వెతికి, అరటి బోదె పక్కన తవ్వడం మొదలుపెట్టింది. ఎర్రమట్టి వానకి నాని బరువుగా లేచింది. మధ్యాహ్నం కూడా ఇదే పని. మోచేతి దాకా లోతు వచ్చాక కూర దింపింది. మూకుడు, గరిట, గిన్నె కూడా దాంట్లోనే పడేసింది. రీనా కొత్త గిన్నె అది. తరువాత కొనివ్వవచ్చు అనుకుని, ఆ ఆలోచనకి తనమీద తనకే అసహ్యమేసింది.

మట్టి కప్పుతుంటే ఫోను మోగింది. పద్మిని.

"అక్కా, మధ్యాహ్నం మెసేజ్ విన్నాను, పనిలో పడి బదులు చెప్పడం కుదరలేదు. బాతు చూశాను, బాగానే ఉంది కదా. ఫ్రిజ్‌లో పెట్టా, రేపు ఆరాధనయ్యాక వండుదామని. అసలేమైంది దానికి?"

ఎలీసబెతు మట్టి చేత్తోనే ఫోను చెవికి ఆనించుకుంది.

"పద్మినీ, మా మడిలో నత్తలకి మందు పెట్టాం. ఆ మందు బాతులు తిన్నాయి. తూలుతున్న బాతుల్ని కోసి మీకు తెచ్చి ఇచ్చాను. అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నం తెలిసింది. తెలిసి కూడా మీకు ఆ మాట చెప్పలేదు. టైటస్ తాత తిని ఆసుపత్రిలో ఉన్నాడు."

అవతల పద్మిని ఎవరినో పిలిచి ఫ్రిజ్ తెరవొద్దని అరిచింది. మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"మరి తోటకూర? మధ్యాహ్నం పప్పులో వేశాను. పిల్లలిద్దరూ తిన్నారు."

ఆకుల మీద చుక్క పడలేదు అన్న మాట ఎలీసబెతు నాలుక చివరికి వచ్చింది. అది జీవరాజు మాట. తను చూసింది కాదు.

"నాకు తెలియదు. పిల్లలు ఎలా ఉన్నారు?"

"ఆడుకుంటున్నారు."

"కళ్లు తిరిగినా, సొంగ కారినా, చెమట పట్టినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. నత్తల మందు అని చెప్పు. మిగిలింది పారెయ్యి."

"అక్కా, కిందటేడు మీరు చర్చిలో…" అని పద్మిని ఆగిపోయింది. తరువాత ఫోను పెట్టేసింది.

ఎలీసబెతు పెరటి మెట్టు మీద కూర్చుంది. కూర్చున్న కాసేపటికి మళ్లీ మోగింది. ఈసారి రీనా పేరు, ఎవరి చార్జరో తీసుకుని ఉంటుంది. ఎత్తింది. మంచం చక్రాల చప్పుడు, ఎవరో హిందీలో అడ్డం తప్పుకోమనడం, చర్చి ఆడవాళ్లలో ఒకరు ప్రార్థన అందుకోవడం వినబడ్డాయి. రీనా ఊపిరి మాత్రం వినబడుతోంది.

"రీనా."

"మామయ్య అయిపోయారక్కా" అంది రీనా. "మా ఆయనకి ఫోను చెయ్యాలి. ఓడ మీద ఎక్కడున్నారో. ఏమని చెప్పను?"

"జరిగింది జరిగినట్టు చెప్పు. నా పేరుతో చెప్పు."

రీనా కట్టేసింది. ఎలీసబెతు లేచి వరండాలోకి వచ్చింది. బల్ల మీద సోడా సీసా, నేల మీద ఒక చెప్పు. పొద్దున తను దించిన పెట్టె మూత తీసి ఉంది. తోటకూర, బెండకాయలు, ఆనపకాయ అందులో అలాగే ఉన్నాయి.

వాటిని కూడా పెరట్లోకి మోసుకెళ్లి ఇంకో గొయ్యి తీయడానికి గునపం పట్టుకుంది. పట్టుకుని, మళ్లీ దించింది. గ్రూపులో ఇంకా ఇరవై ఇళ్లున్నాయి. బాతులు తీసుకోని ఇళ్లు. ఈపాటికి అందరి పొయ్యిల మీదా ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది. ఫోను తీసి, మట్టి వేలు తెర మీద నొక్కి, నోటి దగ్గర పెట్టుకుంది. ఈసారి వందనాలు చెప్పలేదు.

"నేను ఎలీసబెతుని. ఇవాళ నేను తెచ్చిన ఏదీ ఎవరూ తినవద్దు. మా మడిలో మందు ఉంది."

అక్కడ వేలు తీయలేదు. పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె టైటస్ తాత పేరు చెప్పింది, ఏం తిన్నాడో చెప్పింది, ఎప్పుడు పోయాడో చెప్పింది, మధ్యాహ్నం తను చెరిపేసిన మాట ఏమిటో చెప్పింది. విని చూసుకోకుండా పంపించేసింది.